జిట్ట ముక్కు, గిల్లిన కాడలు

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన మీకు మొదటి ఏడాది భయం వేయదు. పొలానికి పోతారు, పురుగులు లెక్కపెడతారు, రైతు ఇచ్చిన మజ్జిగ తాగుతారు, పొద్దు వాలేసరికి ఇంటికొస్తారు. ఉద్యోగమంటే ఇంతేననుకుంటారు. భయం మూడో ఏటనో నాలుగో ఏటనో వస్తుంది. అది వచ్చిన రోజే మీ ఉద్యోగం మొదలైందని రాసిపెట్టుకోండి.

ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పత్తి చేలల్లో సస్యరక్షణ చూసే పని చేసి రిటైరయ్యాను. పేరు పెద్దదే గాని పని చెప్పడం తేలిక. ఏ చేనిలో ఏ పురుగు ఎంత ఉంది, దాన్ని తినే జీవాలు ఎన్ని ఉన్నాయి, మందు వాడాలా అక్కర్లేదా, ఇవి చూసి రైతుకు చెప్పాలి. నా ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ రాయను. వాటిని చదివి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ఒక చిన్న పిట్ట గురించి, ఒక మధ్యాహ్నం గురించి రాస్తాను.

నాకు లెక్క తేలకపోతే అన్నం సయించదు. పాలవాడి లెక్కయినా పచ్చపురుగుల లెక్కయినా చివర సరిపోవాలి. సర్వీసంతా సరిపోతూ వచ్చింది. ఈ ఒక్క లెక్క మాత్రం సరిపోలేదు.

కొయ్య ఎక్కని పిట్ట

పత్తి చేలో అక్కడక్కడా కొయ్యలు పాతిస్తాం. నిలువు కర్రకు అడ్డంగా ఇంకో కర్ర కట్టి ఉంటుంది. కాగితాల్లో వాటిని పక్షి స్థావరాలంటాం. పసులపోలిగాడనే తోక చీలిన నల్లటి పిట్ట వచ్చి దాని మీద కూర్చుంటుంది, కింద కదిలిన పురుగును చూసి దూకి పట్టుకుంటుంది. మంచి ఏర్పాటే. రైతుకు ఖర్చు లేదు.

నా ఆఖరి సంవత్సరాల్లో నాకు పైన ఉన్న సారు ఈ కొయ్యల మీద కూర్చున్న పిట్టల్ని మాత్రమే లెక్కపెట్టమనేవారు. ఒకరోజు నందవరం వైపు ఒక చేనిలో కొయ్యలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆయన కాగితం మీద 'పురుగు తినే పక్షులు లేవు' అని రాసుకున్నారు. ఆ రాసే చేతికి మూరెడు దూరంలో, పత్తి మొక్కల మధ్య, ఒక జిట్ట, నేను రాస్తానన్న ఆ చిన్న పిట్టే, తోక నిక్కబొడుచుకుని ఆకుల అడుగుభాగాలు గాలిస్తూ ఉంది.

"సార్, ఇదో, ఇది పొద్దున్నుంచీ పురుగులు ఏరుకుంటానే ఉంది" అన్నాను.

"కొయ్య మీద కూర్చుంటే రాస్తాను శారదమ్మా. కాళ్ళ సందున తిరిగేదాన్ని నేను యాడని లెక్కపెట్టేది?"

ఆయన చెడ్డవారు కాదు. గడి గీసి లేని జీవం ఆయన కంటికి ఆనేది కాదు, అంతే. జిట్ట ఎన్నడూ కొయ్య ఎక్కదు. నేలకు దగ్గరగా, ఆకుల చాటున, మొక్క నుంచి మొక్కకు పాకినట్టు తిరుగుతుంది. పత్తి చేనికి ఇంత దగ్గరగా బతికే పిట్ట ఇంకొకటి లేదు, అందుకే మన నివేదికల్లో అది ఉండదు.

మా ఆఫీసుకు ఇంకో అలవాటు ఉండేది. పిడికిట్లో పట్టే పిట్ట ప్రతిదీ పిచ్చుకే. రైతూ పిచ్చుకే అనేవాడు, మేమూ పిచ్చుకే అని రాసేవాళ్ళం. దానివల్ల ఏం నష్టమని చాలామంది అడిగారు. ఏం నష్టమో కింద చెప్తాను.

చేతిలోకి తీసుకుంటే

ముందు పిట్టను గుర్తుపట్టడం చెప్తాను. మా వైపు జిట్ట అంటారు. అదే పేరుతో ఇంకో రెండు మూడు పిట్టల్ని కూడా పిలుస్తారు కాబట్టి పేరు విని ఊరుకోకండి, పిట్టను చూడండి.

ఒళ్ళు బొటనవేలంత. తోక ఇంచుమించు అంతే పొడవు, ఎప్పుడూ పైకి లేచి ఉంటుంది. తల, వీపు పలక రంగు. రెక్కల్లో కాస్త గోధుమ వన్నె. పొట్ట మీగడ రంగు, పక్కల దగ్గర పలచటి ఇటుక పొడి అద్దినట్టు ఉంటుంది. కన్ను ఎర్రగా, నారింజ తొక్క రంగులో ఉంటుంది. తోక ఈకల కొసలు తెలుపు, ఆ తెలుపుకు ముందు ఒక నల్ల చుక్క. ఉత్తరాదిలో ఇదే పిట్ట కాలాన్ని బట్టి రంగు మారుతుందని చదివాను. మన దగ్గర ఏడాది పొడవునా ఒకే రంగు.

కూత చిన్నది, గొంతు సవరించుకుని 'టిస్, టిస్' అన్నట్టు. పాట అందుకుంటే వదలదు, ఒకే ముక్కను తిప్పి తిప్పి పాడుతుంది. ఉలిక్కిపడి ఎగిరినప్పుడు గోళ్ళు టపటపా కొట్టినట్టు ఒక చప్పుడు వస్తుంది. అది రెక్కలతో చేస్తుందో ముక్కుతో చేస్తుందో నేను సర్వీసంతా చూసినా తేల్చుకోలేకపోయాను. తెలియనిది తెలియదనే రాస్తున్నాను.

దీన్ని కుట్టుపిట్టతో కలిపేస్తారు, ఎందుకంటే రెండూ ఆకులు కుట్టి గూడు కడతాయి. కుట్టుపిట్ట వీపు ఆకుపచ్చ, నడినెత్తి తుప్పు రంగు, గుడ్లు లేత రంగులో చుక్కలతో ఉంటాయి. జిట్ట గుడ్లు మెరుస్తూ, ఇంటికప్పు మీది కొత్త పెంకులా ఎర్రగా ఉంటాయి. ఒకసారి చూస్తే మరిచిపోరు. బురద రంగు వీపు, కంటి మీద పాలిపోయిన గీత ఉంటే అది జిట్టకు దాయాది, గడ్డిలో సంచిలాంటి గూడు కడుతుంది.

ఇవన్నీ బతికున్న పిట్టకు. చచ్చిన పిట్ట చేతికొస్తే కన్ను రంగు పోతుంది, ఈకలు తడిసి ముద్దవుతాయి, కూత ఉండదు. అప్పుడు ముక్కు చూడండి. ముక్కు మారదు. పిచ్చుక ముక్కు పొట్టిగా లావుగా ఉంటుంది, జొన్నగింజను పటకారులా చిట్లగొడుతుంది. జిట్ట ముక్కు సన్నటి సూది. దానితో గింజ పగలదు. పచ్చపురుగు, చీమ, చిన్న పెంకుపురుగు, ఇవే దాని తిండి.

ఇంకొక్క మాట. వానలు పడి పత్తి ఆకు వెడల్పు కాగానే ఈ జంట గూడు పెడుతుంది. ఆడా మగా రెండూ పొదుగుతాయి, రెండూ మేత తెస్తాయి. మేత కోసం ఊళ్ళు దాటిపోవు. గూటి చుట్టూ ఉన్న కొన్ని సాళ్ళే వాటి లోకం. ఇది గుర్తుంచుకోండి, అవసరం పడుతుంది.

ఈరన్న ఫోను

మఖ కార్తె. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గోనెగండ్ల దగ్గర ఒక ఊరి నుంచి ఈరన్న అనే రైతు మధ్యాహ్నం ఫోను చేశాడు. నాలుగెకరాల పత్తి పెట్టినవాడు, మాకు బాగా తెలిసినవాడు.

"మేడమ్మా, సేన్లో పిచ్చుకలు సచ్చి పడినాయి. టీవీలో కోళ్ళ జబ్బు అంటాండారు. నా కోళ్ళకు వస్తాదేమోనని భయంగుండాది."

"ఎన్ని పిచ్చుకలు?"

"నేను సూసినవి మూడు."

"కోళ్ళెట్లున్నాయి?"

"కోళ్ళు గట్టిగానే ఉండాయి. పొద్దున నన్నే పొడిసినాయి."

సారుకు చెప్పాను. ఆయన కాగితాల మీంచి తల ఎత్తలేదు. "పిచ్చుకలైతే నూకలు తినింటాయి. ఎలుకల మందు కలిపి బొక్కల కాడ పెట్టింటాడు. పోయి చూసి రెండు ముక్కలు రాసుకోనిరా."

అది తెలివితక్కువ మాట కాదు. ఆ ఊరి వైపు ఎలుకల బెడద నిజం, నూకల్లో మందు కలిపి పెట్టడమూ నిజం. నిజంగా పిచ్చుకలే అయితే సారు చెప్పిందే జరిగుంటుంది. పిట్టల్ని పాతిపెట్టి, నూకలు తీయించి, తిరిగొచ్చేదాన్ని. మనుషులకు అందులో ప్రమాదమేమీ లేదు.

నేను చేరేసరికి కలుపు తీసే ఆడవాళ్ళు పని ముగించి వెళ్ళిపోయారు. మా వైపు కూలి పని మధ్యాహ్నానికే అయిపోతుంది. ఈరన్న ఆముదపు ఆకు మీద మూడు పిట్టల్ని పడుకోబెట్టి దూరంగా నిలబడ్డాడు, జబ్బు అంటుకుంటుందని. చేతికి కవరు తొడుక్కుని ఒకదాన్ని తీసుకున్నాను. బరువే లేదు.

సూది ముక్కు. పలక రంగు వీపు. రెండోదీ అంతే, రెండూ జిట్టలే. మూడోది కుట్టుపిట్ట. రెండో పిట్ట ముక్కులో ఒక పచ్చపురుగు అలాగే ఉంది. మింగడానికి పట్టుకున్నది కాదు. మింగేదైతే ఎప్పుడో మింగేసేది. పిల్లలకు తీసుకుపోతూ పడిపోయింది.

"ఇవి పిచ్చుకలు కావు ఈరన్నా."

"ఏదైతేనేంలేమ్మా, పిట్టలే కదా. కోళ్ళకు వస్తాదా రాదా?"

"యాడ దొరికింది ఇది?"

చూపించాడు. ఆ చుట్టూ మొక్క మొక్కా వెతికాను. రెండు పత్తి ఆకులు దగ్గరికి లాగి కుట్టిన గూడు దొరికింది. లోపల మూడు పిల్లలు, ఈకలు అప్పుడప్పుడే మొలుస్తున్నవి. మూడూ చనిపోయి ఉన్నాయి.

పెద్ద పిట్ట ఎక్కడో తిని ఇక్కడికొచ్చి చావొచ్చు. గూట్లో పిల్లలు ఎక్కడికీ పోలేవు. వాటికి నూకలు ఎవరూ పెట్టరు. తల్లిదండ్రులు తెచ్చిన పురుగులే తిన్నాయి, ఆ పురుగులు ఈ నాలుగు సాళ్ళలోవే. అంటే మందు ఈ చేనిలోనే, ఈ ఆకుల్లోనే ఉంది.

"ఏం మందు కొట్టినావు?"

"నేనేం కొట్టల్యా మేడమ్మా. దినామూ వాన పడతాంటే కొట్టినా నిలుస్తాదా?" అంటూ భుజం మీది తువ్వాలుకు రెండు అరచేతులూ తుడుచుకున్నాడు. చేతులకు తడి లేదు, మట్టి లేదు.

కొట్టలేదన్న మాట నిజమే. ఆకు మీద మరకల్లేవు, వాసన లేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక మొక్క మొదలు దగ్గర మట్టి గీకాను. ఆవగింజల్లాంటి నల్లటి గుళికలు బయటపడ్డాయి. కుళ్ళిన వెల్లుల్లి వాసన ముక్కుకు కొట్టింది.

"ఇదేంది?"

తువ్వాలు మళ్ళీ అరచేతుల్లోకి వచ్చింది. "యూరియాలో కలిపి ఏసినా. పోయిన వారం. ఇప్పుడు అమ్మకూడదంటారు కదా, తెలిసినాయన దగ్గర ఓ సంచి ఉంటే ఇచ్చినాడు."

గిల్లిన కాడలు

గుళికల మందు ఎలా పనిచేస్తుందో మీకు తరగతిలో చెప్పి ఉంటారు. తడి నేలలో కరుగుతుంది, వేరు పీల్చుకుంటుంది, ఆకు దాకా పోతుంది. ఆకు తిన్న పురుగులోకి, పురుగును తిన్న పిట్టలోకి పోతుంది. తరగతిలో చెప్పేది పత్తి వేరు గురించి. ఆ మొదట్లో పత్తి వేరు ఒక్కటే ఉండదు.

నేను లేవబోతూ చూశాను. గుళికలున్న చోటే, మొక్క మొదలు చుట్టూ, కలుపు మొక్కలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. చెంచలాకు, గురుగాకు. కలుపు తీసే మనిషి కొడవలితో వేరు దాకా లాగేస్తుంది. వీటిని ఎవరూ లాగలేదు. లేత కొసలు మాత్రం లేవు. కాడలు గోటితో గిల్లి ఉన్నాయి. కొన్ని కాడల చివర ఇంకా పసరు ఆరలేదు.

అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను.

ఈ వైపు పద్ధతి తెలియనివారికి చెప్పాలి. కలుపుకు వచ్చిన ఆడవాళ్ళు పని మధ్యలో తినే ఆకు కనిపిస్తే గిల్లి కొంగులో వేసుకుంటారు. రైతు అడ్డు చెప్పడు. అది కూలిలో భాగం కాదు, దానమూ కాదు, వాళ్ళ హక్కు. వాన తర్వాత లేత ఆకు బాగా వచ్చిన చేనికే ముందు కలుపుకు పోదామనుకుంటారు. సాయంత్రం జొన్నరొట్టెలోకి ఆ కూరే. యూరియా పడిన చేనిలో కలుపు కూడా నవనవలాడుతూ వస్తుంది. ఆ చేనిలోని కూర ఊళ్ళో అన్నిటికన్నా లేతగా ఉండి ఉంటుంది.

"కలుపుకు ఎవరొచ్చినారు?"

"ఉరుకుందమ్మ ముఠా. ఐదుమంది."

"కూర గిల్లుకున్నారా?"

"గిల్లుకోరా మరి? నేనే సెప్తి, లేతగుండాది తీసుకుపోండని." అప్పుడు అతని ముఖం మారింది.

అక్కడి నుంచే సారుకు ఫోను చేశాను. విన్నారు.

"పిట్ట నూకలు తిని చచ్చింటే? నువ్వు ఊరంతా బెదరగొట్టి, కడాకు ఏమీ లేదని తేలితే?"

ఆ భయం నాకూ ఉంది. ఊరిని ఒకసారి ఊరికే బెదిరిస్తే, రెండోసారి నిజంగా చెప్పినా వినరు. మన ఉద్యోగానికి ఉన్న ఆస్తి ఆ ఒక్క మాట విలువే.

"పిట్ట పేరు తప్పైనా ముక్కు తప్పు కాదు సార్. గూట్లో పిల్లలున్నాయి. అవి నూకల కాడికి పోలేవు."

"పిట్ట ముక్కు చూసి ఊరు లేపిన ఆఫీసర్వి నువ్వే మొదటిదానివి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆఫీసు బండి పంపిస్తాండాను. ఆసుపత్రికి నేను చెప్పి పెడతా. నువ్వు ముందు ఊర్లోకి పో."

ఐదు కొంగులు

ఈరన్న బండి వెనక కూర్చుని ఊళ్ళోకి పోయాను. దారిలో ఒకటే లెక్క. ఐదుగురు ఆడవాళ్ళు, ఐదు కొంగులు, ఐదు పొయ్యిలు.

ఉరుకుందమ్మ ముఠాకు పెద్ద. నా వయసే ఉంటుంది. వాకిట్లో కూర్చుని కూర కడుగుతోంది.

"ఏం మేడమ్మా, కూర వాసన ఎమ్మిగనూరు దాకా వచ్చిందా? కూసో, రొట్టె తట్టేది ఒగటే ఆలస్యం."

"ఆ కూర కింద పెట్టు ఉరుకుందమ్మా. మందు ఉంది దాంట్లో."

"కడిగినా కదా మూడు నీళ్ళు."

"కడిగితే పోదు. ఆకు పైన లేదు, లోపల ఉంది. వేరు పీల్చింది."

"పుట్టినప్పటి నుంచీ తింటాండాం ఈ ఆకు." ఆమె నన్ను కాదు, నా వెనక నిలబడ్డ ఈరన్నను చూసింది. అతను తల దించుకున్నాడు. ఆమె ఇంకేం అడగలేదు. చేతులు విదిలించుకుని లేచి సందులోకి పరిగెత్తింది.

నా కేకకు అంత పని జరిగేది కాదు. ఆమె కేకకు జరిగింది. ముఠాలోనే ఉన్న, పక్కపక్క ఇళ్ళ అక్కాచెల్లెళ్ళిద్దరిలో ఒకరి కూర ఇంకా కొంగులోనే ఉంది, ఇంకొకరిది పొయ్యి మీద ఉడుకుతోంది. రెండూ తెప్పించాను. పెంట మీద పారేస్తామన్నారు. వద్దన్నాను. మేకలుంటాయి, కోళ్ళుంటాయి. ఊరి బయట గుంత తవ్వించి పాతిపెట్టించాను.

నాలుగో ఇల్లు మహాదేవమ్మది. ఆమె గుమ్మంలోనే ఎదురైంది. "మా అత్తకు ఆకలంటే మధ్యాన్నమే వండి పెట్టినా. తిని పండుకొనింది. లేపితే లేస్తాండ్ల్యా."

ముసలామె చాప మీద ఒత్తిగిలి ఉంది. నోటి పక్క సొంగ. ఒంటి నిండా చెమట. రెప్ప ఎత్తి చూశాను. నల్లగుడ్డు మధ్య చుక్క ఆవగింజకన్నా చిన్నదైపోయింది. అది నేను పుస్తకంలో చదివాను గాని మనిషి కంట్లో చూడడం అదే మొదలు. మహాదేవమ్మ తాను తినలేదు. అత్తకు పెట్టి, మొగుడొచ్చాక తిందామని ఆగింది.

ఆఫీసు బండి అప్పుడే వచ్చింది. ముసలామెను అందులో ఎక్కించాం. ఆసుపత్రి డాక్టరు ఫోనులో అడిగింది ఒకటే: ఏ మందు? పేరు కావాలి. ఈరన్నను చూశాను. సంచి బయటికొస్తే కేసవుతుందని అతని భయం. తువ్వాలుతో అరచేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"తుడుసుకోప్పా, బాగా తుడుసుకో" అంది ఉరుకుందమ్మ. "తోలు ఊడినా మందు పోదు. సంచి యాడుందో సెప్పు."

అతను గడ్డివాము వైపు నడిచాడు. మొదట మామూలుగా నడిచి, తర్వాత పరిగెత్తాడు. చింపిన సంచి తెచ్చి నా చేతికి కాదు, ఆమె చేతికిచ్చాడు.

ముసలామె బతికింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉంది. తిరిగొచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, ఆ కూర అంత రుచిగా ఎట్లుండిందని.

నాలుగు కొంగులు తేలాయి. ఐదోది బసమ్మది. ఆమె ఇల్లు తాళం వేసుంది.

ఆదోని బస్సు

బసమ్మ పని దిగగానే ఆదోని బస్సెక్కిందని పక్కింటివాళ్ళు చెప్పారు. కూతురు అక్కడ జిన్నింగు మిల్లులో పని చేస్తుంది. కూతురికి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తదు. మిల్లు చప్పుడులో వినిపించదు, లేదా ఫోను సంచిలో ఉంటుంది. బసమ్మకు ఫోను లేదు.

ముసలామెను ఎమ్మిగనూరులో దింపి అదే బండిలో ఆదోనికి పోయాం. ఇల్లు తెలిసింది ఉరుకుందమ్మకు కాబట్టి ఆమెను ఎక్కించుకున్నాను. ఆ ప్రయాణం గురించి ఎక్కువ రాయలేను. ప్రతి వాహనమూ మాకు అడ్డంగానే వచ్చినట్టుంది. ఉరుకుందమ్మ కిటికీ ఊచ పట్టుకుని ఒకే మాట అంటూ వచ్చింది. "దానికి ఆకలెక్కువ. పొయ్యి అంటించకుండా ఉండదు."

మేం దిగేసరికి బసమ్మ కూతురి ఇంటి మెట్టు మీద కూర్చుని, జల్లెడలో కూర పోసి, ముదురాకు ఏరుతోంది. కూతురు మిల్లు నుంచి వచ్చాక వేడిగా వండుదామని ఆగింది. ఉరుకుందమ్మ ఆ జల్లెడ లాక్కుని, మెట్టు మీద కూలబడి, మొదటిసారి ఏడ్చింది.

"ఏమాయె అక్కా? ఎవురు పోయినారు?" అని బసమ్మ బెదిరిపోయింది.

చెప్పాను. ఆమె విని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నేను జల్లెడ చూస్తున్నాను. మిగతావాళ్ళు ఎంతెంత గిల్లుకున్నారో చూశాను కదా. ఇందులో సగమే ఉంది.

"మిగతాది యాడ బసమ్మా?"

"బస్సులో ఒగామె అడిగింది. లేతగుండాది, కొంచెం పెట్టక్కా అంటే రెండు పిడికిళ్ళు ఇచ్చినా."

"ఎవరామె?"

"నాకేం ఎరుక? పచ్చ సీర. సంకలో బిడ్డ."

"యాడ దిగింది?"

బసమ్మ చాలాసేపు ఆలోచించింది. నన్ను సంతోషపెట్టాలని ఏదో ఒక ఊరి పేరు చెప్పలేదు, అందుకు ఆమెకు ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. "నిద్రపోయినా మేడమ్మా. లేసేసరికి పక్కన ల్యా."

బస్టాండుకు పోయాం. కండక్టరును పట్టుకున్నాం. ఆ బస్సులో బిడ్డలతో దిగినవాళ్ళు ఎందరో ఉన్నారన్నాడు. దారిలోని ప్రతి ఊళ్ళో మాకు తెలిసిన మనిషికి ఫోను చేశాను. సారు మైకు పెట్టించి చెప్పించారు, ఆయన ఆ సాయంత్రం కుర్చీలో కూర్చోలేదు. ఆ తర్వాత ఎమ్మిగనూరులోనూ ఆదోనిలోనూ ఆసుపత్రుల్లో రోజూ అడిగాను. పచ్చచీర ఆమె, బిడ్డ, రాలేదన్నారు.

రాలేదంటే ఏమీ కాలేదని అర్థం కాదు. మైకు విని పారేసి ఉండొచ్చు. ఆ రెండు పిడికిళ్ళు మందు తక్కువ పడిన సాలులోవై ఉండొచ్చు. బిడ్డ కూర తినే వయసుది కాకపోవచ్చు. ఇలాంటివి చాలా కూడుకున్నాను. ఎన్ని కూడినా అది సమాధానం కాలేదు. ఐదు కొంగులు తేలాయి, ఆరో పొయ్యి తేలలేదు.

పిట్టను ఏం అడగాలి

సారు ఆ తర్వాత పిచ్చుక అని రాయడం మానేశారు. పేరు తెలియనప్పుడు 'సూది ముక్కు పిట్ట' అని రాసేవారు. అది చాలు. మీకూ పేర్లు రాకపోతే సిగ్గుపడక్కర్లేదు, తప్పు పేరు రాయడానికి సిగ్గుపడండి. గింజ తినే పిట్ట చస్తే గింజను వెతకాలి. పురుగు తినే పిట్ట చస్తే ఆకును వెతకాలి, ఆ ఆకును ఇంకెవరు ముట్టుకున్నారో వెతకాలి. తప్పు పేరు మిమ్మల్ని తప్పు చోటికి తీసుకుపోతుంది. మీరు అక్కడ తీరిగ్గా వెతుకుతున్నంతసేపూ పొయ్యి మండుతూనే ఉంటుంది.

చేలోకి దిగగానే కలుపుకు ఎవరొచ్చారో అడగండి. మందు ఏసినావా అని మాత్రమే అడిగితే లేదంటారు. కూర గిల్లినారా అని అడిగితే నిజం చెప్తారు, అందులో వాళ్ళకు దాచాల్సిందేమీ లేదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా భయపెడుతుంది. రిటైరైన తర్వాత వానాకాలంలో ఒకసారి ఆ ఊరికి పోయాను. ఉరుకుందమ్మ ముఠా ఈరన్న చేలోనే కలుపు తీస్తోంది. నన్ను చూసి ఆమె వేలు పెదవి మీద పెట్టుకుంది. వినమంది. పత్తి మొక్కల్లో జిట్ట పాడుతోంది.

"సూసినావా మేడమ్మా. నువ్వు పోయినంక మేము పిట్ట ఇనందే కూర గిల్లము. కూసిందా, గిల్లుతాం. కూయకుంటే కొంగు ఇప్పము. గోనెగండ్ల దాకా అందరికీ ఇదే సెప్పినా."

ఆ రోజు మందును పట్టించింది చచ్చిన జిట్టలేనని వాళ్ళకు చెప్పింది నేనే. నేను చెప్పింది వాళ్ళు సగం పట్టుకున్నారు. గూడు చెడిన చేనిలోకి పక్క చేని నుంచి కొత్త జంట వస్తుంది. నిన్న గుళికలు వేసిన చేనిలో ఈ రోజు వచ్చిన పిట్ట హాయిగా పాడుతుంది. దానికి ఇంకా తెలియదు. పిట్ట కనిపించకపోతే భయపడండి. పిట్ట పాడుతోందని మాత్రం ధైర్యపడకండి. ఇదంతా ఆ గట్టు మీదే కూర్చోబెట్టి చెప్పాను.

"అట్లయితే ఇంగ ఏం తినాల మేడమ్మా?" అంది ఉరుకుందమ్మ. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగింది.

"ఈరన్నను అడిగి తినండి" అన్నాను. ఈరన్న గట్టు అవతలే ఉన్నాడు. నేనే అడిగాను. "ల్యా మేడమ్మా, ఈ ఏడు ముట్టల్యా" అన్నాడు. అతని చేతులు తువ్వాలు మీదికి పోలేదు. ఆడవాళ్ళు అది కూడా చూశారు. వాళ్ళు కూర గిల్లుకున్నారు. వెళ్ళేటప్పుడు ఉరుకుందమ్మ ఒక పెద్ద కట్ట నా సంచిలో కుక్కింది.

ఆదోని బస్సెక్కాను. కూర సంచి నుంచి బయటికి కనిపిస్తోంది. పక్కన కూర్చున్నామె, నడివయసుది, చెయ్యి చాపి ఒక ఆకు తాకింది.

"ఎంత లేతగుండాది. యాడిదమ్మా? ఓ పిడికెడు పెడితే రాత్రికి పప్పులో ఏస్తా."

ఈరన్న చేతులు గుర్తుకొచ్చాయి. జిట్ట పాట గుర్తుకొచ్చింది. రెండూ కలిపితే నమ్మొచ్చు. అయినా సంచి మూతి దగ్గరికి లాక్కున్నాను.

"ఇవ్వను."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గడ్డికి కూడా ఇంత పిసినారితనమా. పోయేటప్పుడు మూట కట్టుకపోతావులే" అని కిటికీ వైపు తిరిగింది. వెనక సీటులో ఎవరో నవ్వారు.

దారిలో ఒక ఊళ్ళో ఆమె లేచింది. ఆ ఊరి పేరు బోర్డు మీద చదువుకున్నాను. బస్సు కదిలేదాకా ఆమె చేతుల వైపే చూశాను. ఒక చేతిలో గొడుగు ఉంది, ఇంకో చెయ్యి ఖాళీ.